వానల గ్యాప్ తర్వాత మళ్లీ గోల్ఫా? ముందు చేతుల బిగువు చూసుకోండి

వానలు తగ్గి పొద్దుటి గాలి చల్లబడిందంటే హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లకు ఇంట్లో కాలు నిలవదు. గోల్కొండ దగ్గర నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సులోనైనా, మీకు దగ్గర్లోని డ్రైవింగ్ రేంజ్‌ (బంతులు కొట్టి సాధన చేసే మైదానం)లోనైనా మోచేతులకు ప్రమాదం ఈ మొదటి రెండు మూడు వారాల్లోనే. పోయినేడు నేనూ మూడు నెలల గ్యాప్ తర్వాత వెళ్లి, మొదటి రోజే డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌ (గోల్ఫ్ కర్ర)తో, రెండు బకెట్ల బంతులు కొట్టేశాను. నాలుగో రోజుకి టీ కప్పు ఎత్తబోతే కుడి మోచేతి లోపలివైపు సలుపు. ఆరు వారాలు క్లబ్ ముట్టుకోలేదు.

మణికట్టును, వేళ్లను ముడిచే కండరాల్లో చాలావాటి మొదలు మోచేతి లోపలివైపు ఎముక దగ్గర ఉంటుంది. క్లబ్‌ను ఎంత గట్టిగా నొక్కితే అక్కడ అంత లాగుడు. పైగా బంతికి బదులు నేల తగిలితే ఆ అదురంతా అక్కడికే చేరుతుంది. కుడిచేతి వాటంవాళ్లకి ఎడమ మోచేతి బయటివైపు కూడా నొప్పి రావచ్చు. బిగువు వల్ల ఆట కూడా పోతుంది. చేతులు బిగిస్తే మోచేతులు కాస్త ముడుచుకుని క్లబ్ పైకి లేస్తుంది, బంతి పైభాగానికి మాత్రమే తగులుతుంది. మణికట్టు ఆడదు కాబట్టి దూరమూ తగ్గుతుంది. బలం చాలలేదనుకుని ఇంకా బిగిస్తాం.

రేంజ్‌లో మొదటి బంతికి ముందే ఈ పరీక్ష చేసుకోండి. సెవెన్ ఐరన్ (మధ్యస్థ దూరానికి వాడే ఇనుప తల క్లబ్) ముందుకు చాచి పట్టుకుని పిడికిలి బలంకొద్దీ బిగించండి. అది పది. మెల్లగా వదులుతూ, క్లబ్ చేతిలో తిరగకుండా నిలిచేంతవరకే ఉంచండి. చాలామందికి నాలుగు చుట్టుపక్కల సరిపోతుంది. పిట్టను పట్టినట్టు పట్టుకోమంటారు గానీ, మరీ వదులుగా పట్టినా ముప్పే అని నా అభిప్రాయం. క్లబ్ జారుతున్నట్టనిపించగానే చెయ్యి తనంతట తనే గబుక్కున బిగుస్తుంది. కుడిచేతి వాటంవాళ్లకి పట్టు ఎడమచేతి చివరి మూడు వేళ్లలో ఉండాలి. కుడి బొటనవేలు, చూపుడువేలు నొక్కుతున్నాయంటే బిగువు ముంజేతి మీదుగా భుజం దాకా పాకుతుంది.

అసలు తంటా బంతి ముందు నిలబడ్డాక వస్తుంది. ఎదురుగా కోర్సులోని నీటిగుంట కనిపిస్తుంది, వెనక నలుగురు చూస్తుంటారు, టెన్షన్‌లో పళ్లు బిగుసుకుంటాయి, వాటితోపాటే చేతులూ. డౌన్‌స్వింగ్, అంటే క్లబ్‌ను పైనుంచి బంతి మీదికి దించడం, సెకనులో పావు వంతు పని, మధ్యలో సరిచేసుకునే వ్యవధి ఉండదు. అందుకే కదలకుండా నిలబడిపోవద్దు. క్లబ్‌తలను రెండు మూడుసార్లు అటూ ఇటూ ఆడించి, ఊపిరి వదిలి, దవడ వదులు చేసి, అప్పుడు వెనక్కి తీసుకోండి. అయినా ఎక్కువమంది బిగించేది బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) చివర, "ఇప్పుడు కొడతా" అనుకునే క్షణంలో. అరచేతులు ఆ క్షణంలో ఏం చేస్తున్నాయో బంతి లేకుండా పది స్వింగ్‌లు చేసి గమనించండి.

క్లబ్‌ల గ్రిప్‌లు (చేత్తో పట్టుకునేచోటి రబ్బరు తొడుగులు) కూడా ఓసారి చూడండి. ఎడమ బొటనవేలు ఆనేచోట రబ్బరు నున్నగా మెరుస్తోందా? అది జారుతుంది, మీకు తెలియకుండానే నొక్కుతారు. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అప్పటికీ పట్టు రాకపోతే మార్పించండి. చెమట పట్టే చేతులకు రెండో గ్లవ్ బ్యాగులో ఉంచుకోండి.

కాంక్రీటు మీద పరిచిన పల్చటి మ్యాట్ మోచేతికి శత్రువు. గడ్డి ఉంటే గడ్డి మీదే కొట్టండి. లేదంటే బంతిని చిన్న టీ (బంతిని నిలబెట్టే మేకు) మీద పెట్టండి. చలి పొద్దుల్లో పది నిమిషాలు నడిచి, భుజాలు, మణికట్లు తిప్పి, వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే పొట్టి క్లబ్)తో సగం స్వింగ్‌లతో మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకు నలభై బంతులు చాలు, అదీ రోజు విడిచి రోజు. డ్రైవర్ రెండో వారంలో తీయండి.

మర్నాటికీ నొప్పి ఉంటే ఆ వారం ఆట ఆపండి, తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.