బడిలో కెరీర్ డే పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

నవంబర్ 14 దగ్గరపడుతోంది. బాలల దినోత్సవంతో పాటు కెరీర్ డే (రకరకాల ఉద్యోగాల వాళ్లు బడికి వచ్చి తమ పని గురించి పిల్లలకు చెప్పే రోజు) కూడా పెట్టాలనుకునే టీచర్లకు, తల్లిదండ్రులకు:

అతిథులను పిలిచే పని ఒక్కరికే అప్పగించండి. పోయినేడు మేం నలుగురం ఉండి కూడా, ఎవరికి వాళ్లం "ఇంకొకరు చెప్పే ఉంటారులే" అనుకున్నాం. నర్సు గారికి కబురే వెళ్లలేదు. ఆమె వస్తారని తెల్లకోటు వేసుకుని గేటు దగ్గర ఎదురుచూస్తూ నిలబడ్డ ఏడో తరగతి పాప ముఖం ఇంకా గుర్తుంది.

ముందురోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేయండి. డ్యూటీలు మారిపోతుంటాయి.

అందరూ డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లే వద్దు. లైన్‌మన్ తన బెల్టు, గ్లవ్స్ చూపిస్తుంటే పిల్లలు కదల్లేదు.

టైమ్ చూసే మనిషి వేరే ఉండాలి. మైకు ఇచ్చినవాళ్లే పెద్దవాళ్లను ఆపాలంటే మొహమాటం.

ప్రశ్నలు ముందే చీటీల మీద రాయించండి. లేదంటే "జీతమెంత సార్?" ఒక్కటే వస్తుంది. అదీ మంచి ప్రశ్నేననుకోండి.