ట్రయల్‌లో మొదటి స్థానం, పొలంలో చివరి స్థానం: చెరకు రకం ఎంపిక ఎక్కడ తప్పుతోంది?

చెరకు ఒకసారి నాటితే మొక్కతోట (నాటిన మొదటి పంట), ఆ తర్వాత కార్శి తోటలు (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే పంటలు) కలిపి రెండు మూడేళ్ళు ఆ నేలలోనే ఉంటుంది. రకం తప్పితే నష్టం ఒక్క పంటతో తీరదు. కొత్త రకాన్ని ట్రయల్‌లో, అంటే విడుదలకు ముందు వేసి చూసే పరీక్షల్లో, చూస్తున్నవాళ్ళకు తరచూ ఎదురయ్యే చిక్కులివి.

ఒకచోట విరగపండిన రకం ఇంకోచోట తేలిపోతోంది

చాలాసార్లు మనల్ని మోసం చేసేది సగటు. ఉదాహరణకు మూడుచోట్ల రెండు రకాలు వేశారనుకుందాం. హెక్టారుకు మొదటిది 130, 95, 60 టన్నులు ఇచ్చింది. రెండోది 102, 96, 87. రెండింటి సగటూ 95 టన్నులే! కానీ మొదటిది మంచి నేల, నిండా నీరు దొరికితేనే చెలరేగే రకం. రెండోది నేల ఎలాంటిదైనా నిలదొక్కుకునే రకం. చౌడు నేలలో మొదటిది నాటిన రైతుకు సగటుతో పనేముంది?

అందుకే రకాలన్నిటి సగటును బట్టి ప్రదేశాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి, ఒక్కో రకం దిగుబడి ఆ వరుసలో ఎలా పెరుగుతోందో గీత గీసి చూడాలి. 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి ఇదే. గీత వాలు 1కి దగ్గరగా ఉండి, బిందువులు గీతను అంటిపెట్టుకుని, సగటు కూడా ఎక్కువగా ఉంటే అది అన్నిచోట్లా పనికొచ్చే రకం. పై లెక్కలో మొదటిదాని వాలు సుమారు 1.65, రెండోదానిది 0.35. అయితే వాలు తక్కువని మురిసిపోకండి. ఎక్కడ వేసినా తక్కువే పండే రకం వాలూ తక్కువగానే ఉండొచ్చు. ముందు సగటు, తర్వాతే వాలు.

ఇంకో సంగతి. రకాల స్థానాలు తారుమారవడం ఏటా అదే ప్రదేశంలో కనిపిస్తే ఆ ప్రాంతానికి వేరే రకం ఎంచుకోవడమే దారి. దేశంలో చెరకు ట్రయల్స్‌ను ఐదు మండలాలుగా విడదీసింది ఇలాంటి తేడాలను లెక్కలోకి తీసుకునే. తారుమారు ఒక ఏడాది ఉండి మరో ఏడాది మాయమైతే అది వాతావరణం పని. అప్పుడు ఒకేచోట ప్లాట్లు పెంచేకంటే ప్రదేశాలు, సంవత్సరాలు పెంచడం మేలు.

మొక్కతోట బాగుంది, కార్శి పలచబడింది

మొదటి పంట చూసి తీర్పు చెప్పేశారన్నమాట. అఖిల భారత స్థాయి తుది ట్రయల్స్‌లో రెండు మొక్కతోటలు, ఒక కార్శి చూడటం ఇందుకే. నరికిన నెలా పది రోజులకు వరుస వెంట నడిచి, పిలక రాని దుబ్బులు లెక్కపెట్టండి. ఒక దుబ్బు తవ్వి నేలలోని కళ్ళు బతికున్నాయో లేదో చూడండి. అవి బతికే ఉండి, మోడు ఎత్తుగా మిగిలిపోతే తప్పు రకానిది కాదు, నరికిన తీరుది.

టన్నులు వచ్చాయి, పంచదార రాలేదు

త్వరగా పక్వమయ్యే రకాన్నీ ఆలస్యమయ్యేదాన్నీ ఒకే రోజు పరీక్షిస్తే ఇలాగే ఉంటుంది. మొదటిదాన్ని 10వ నెలలో, రెండోదాన్ని 12వ నెలలో చూడాలి. గడ మొదలు బ్రిక్స్‌కూ (రసంలో కరిగిన పదార్థాల శాతం, ఇందులో ఎక్కువ భాగం చక్కెరే) కొస బ్రిక్స్‌కూ పెద్ద తేడా ఉంటే ఇంకా పండలేదని అర్థం. పోల్చాల్సింది హెక్టారుకు వచ్చిన పంచదార టన్నులను.

చిన్న ప్లాట్లలో అంకెలు నమ్మలేనంత ఎక్కువ

పక్కన పొట్టి రకం ఉంటే పొడుగుది దాని వెలుతురూ లాక్కుంటుంది. కనీసం నాలుగైదు వరుసలు నాటి, లోపలి వరుసలనే తూకం వేయండి.

బాగా విస్తరించాక రకం ఉన్నట్టుండి కూలిపోతోంది

అన్నిటికంటే మనసు కలచివేసేది ఇదే. 2009లో విడుదలైన కో 0238 అనే రకం ఉత్తరప్రదేశ్‌లో ఎక్కువ విస్తీర్ణాన్ని ఆక్రమించింది, తర్వాత శిలీంధ్రం వల్ల వచ్చే ఎర్రకుళ్ళు తెగులుకు లొంగిపోయింది. ఒకే రకం అంత నేల కప్పితే, దాన్ని జయించగల శిలీంధ్రానికి అడ్డే ఉండదు. ఆకులు పసుపెక్కిన గడను నిలువుగా చీల్చండి. ఎర్రని కండలో అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన ఉంటే అది ఎర్రకుళ్ళే. ఆ దుబ్బును వేళ్ళతో సహా తీసి కాల్చేయండి. ఆ తోట నుంచి ముచ్చెలు (నాటడానికి కోసే గడ ముక్కలు) తీయొద్దు, కార్శి ఉంచొద్దు. ఊళ్ళో మూడు నాలుగు రకాలైనా ఉండేలా చూడాలి.

తెగులు కనబడకుండానే దిగుబడి ఏటా జారుతుంటే రకాన్ని తీసేసే ముందు ఒక పని చేయండి. అదే రకం ఆరేడు నెలల ఆరోగ్యమైన నర్సరీ ముచ్చెలను మీ పాత విత్తనం పక్కనే నాలుగు వరుసలు నాటండి. కొత్త వరుసలు లేచాయంటే చెడింది మీ విత్తనమే, రకం కాదు.