అంకెకీ కొలతకీ మధ్య కాస్త ఖాళీ

తెలుగులో టైపు చేసేటప్పుడు చాలామంది 5కి.మీ., 250గ్రా. అని అంకెకు అంటించి రాసేస్తుంటారు. మధ్యలో ఒక్క ఖాళీ వదలండి: 5 కి.మీ., 250 గ్రా. అంతర్జాతీయ కొలతల పద్ధతి కూడా ఇదే. 38 °సె. అన్నప్పుడూ అంకె తర్వాతే ఖాళీ, సున్నా గుర్తుకీ 'సె'కీ మధ్య కాదు. కోణాలకు మాత్రం ఖాళీ అక్కర్లేదు, 90° అంటే చాలు.

ఖాళీ వదిలితే అంకె ఒక వరుసలో, 'కి.మీ.' కింది వరుసలో పడుతుందని భయమా? వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కండి. ఆ రెండూ విడిపోవు.

మీటర్లకు 'మీ.' అని రాస్తే చుక్క మరవొద్దు. '100 మీ దూరంలో' అని చదివితే ఎవరి దూరమో అనిపిస్తుంది! నేనైతే అక్కడ పొట్టి చేయకుండా 'మీటర్ల' అనే రాస్తాను. విభక్తి చేర్చాల్సి వచ్చినా అంతే, '10 కి.మీ.ల' కంటే '10 కిలోమీటర్ల' చూడ్డానికి బాగుంటుంది.

అసలు చిక్కు భూమి లెక్కల్లో. '2.10' అని రాస్తే తెలంగాణలో 2 ఎకరాల 10 గుంటలు అనుకుంటారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది నిజానికి రెండుంబావు ఎకరాలు. ఆంధ్రలో అదే అంకె 2 ఎకరాల 10 సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు మరి. అందుకే చుక్క పెట్టి ఊరుకోకుండా '2 ఎకరాల 10 గుంటలు' అని పూర్తిగా రాయండి.