రవ్వ కోత చూడటం – 3వ పాఠం: వెలుగు ఎక్కడ జారిపోతోంది?

గత పాఠంలో రవ్వ, అంటే కోసిన వజ్రం, భాగాలను గుర్తుపట్టాం: పైన చదునుగా ఉండేది టేబుల్, దాని చుట్టూ వాలుగా ఉండేది క్రౌన్, నడుము అంచు గర్డిల్, దాని కింద పెవిలియన్. ఈసారి గర్డిల్ కింది సగమైన పెవిలియన్ ఒక్కటే చూద్దాం. గుండ్రటి బ్రిలియంట్ రవ్వ మెరుపు ముఖ్యంగా దీని వాలు మీదే ఆధారపడుతుంది. రంగు, క్లారిటీ (లోపల మచ్చలు లేకపోవడం) ఎంత మేలైనవైనా ఈ వాలు తప్పితే రాయి వెలవెలబోతుంది.

వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం వజ్రానికి 2.42. దాన్నిబట్టి సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలు. రాయి లోపలి కిరణం ఏదైనా ఫేసెట్‌ను, అంటే కోసిన చదును ముఖాన్ని, లంబం నుంచి అంతకన్నా ఎక్కువ వాలుగా తాకితే బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది. తక్కువ వాలుగా తాకితే చాలా మటుకు బయటికి జారిపోతుంది. పెవిలియన్ వాలు గర్డిల్ మట్టం నుంచి 40.75 డిగ్రీలు అనుకోండి. టేబుల్ మీద నిట్టనిలువుగా పడ్డ కిరణం మొదటి ఫేసెట్‌ను 40.75 దగ్గర, ఎదుటి ఫేసెట్‌ను 57.75 దగ్గర తాకి పైకి వచ్చేస్తుంది. 1919లో వజ్రాల కోత కుటుంబానికి చెందిన ఇంజనీర్ మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టిన కోత ఇదే: పెవిలియన్ 40.75, క్రౌన్ 34.5 డిగ్రీలు, టేబుల్ రవ్వ అడ్డకొలతలో 53 శాతం.

పెవిలియన్ మరీ పల్చబడి 39 డిగ్రీల కిందికి దిగితే, గర్డిల్ ప్రతిబింబం టేబుల్ లోపల బూడిదరంగు వలయంలా కనిపిస్తుంది. దీన్ని ఫిష్ ఐ అంటారు. మరీ లోతైతే వచ్చే దోషం నెయిల్‌హెడ్. వాలు 45 డిగ్రీలకు దగ్గరయ్యే కొద్దీ మధ్యలో పడ్డ వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. ఆ దారికి అడ్డంగా ఉన్నది చూసేవారి తలే. అందుకే నడిమి భాగం నల్లగా కనిపిస్తుంది.

వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే జీఐఏ సంస్థ 2006 నుంచి గుండ్రటి రవ్వలకు కట్ గ్రేడ్ ఇస్తోంది. అందులో ఎక్సలెంట్ అని ఉంటే చాలని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ గ్రేడు పరిధి వెడల్పైనది, కాబట్టి కింది అంకెలు కూడా చదవాలి. మా సలహా: క్రౌన్ 34–35, పెవిలియన్ 40.6–41 డిగ్రీలు, అడ్డకొలతలో టేబుల్ 54–58, మొత్తం లోతు 60–62.4 శాతం. క్రౌన్ వాలు పెరిగితే పెవిలియన్ వాలు కొంచెం తగ్గాలి. రెండూ కలిసి పెరిగితే, ఉదాహరణకు క్రౌన్ 36, పెవిలియన్ 41.6 అయితే, టేబుల్ అంచు కింద వెలుగు జారి చుట్టూ మసక పట్టీ ఏర్పడుతుంది. బరువు కూడా పొట్టలోనే దాగుతుంది. మంచి కోత ఉన్న 1 క్యారెట్ రవ్వ అడ్డకొలత సుమారు 6.4–6.5 మి.మీ. అది 6.1 మాత్రమే ఉంటే, కంటికి కనపడని బరువుకు డబ్బు కడుతున్నట్టే.

ముక్కుపుల్లకు, కమ్మలకు వాడే 5 సెంట్ల (0.05 క్యారెట్) రవ్వలకు సాధారణంగా విడిగా సర్టిఫికెట్ ఉండదు. అక్కడ కన్నే కొలత. 5 సెంట్ల రవ్వ సుమారు 2.4 మి.మీ. ఉండాలి. వరంగల్ చౌరస్తాలోగానీ హనుమకొండలోగానీ నగల దుకాణంలో కూర్చుంటే పైన వరసగా స్పాట్‌లైట్లు ఉంటాయి. వాటి కింద ఏ కోతైనా రంగులు చిమ్ముతుంది. ఫైర్, అంటే ఈ రంగుల మెరుపు, చూడటానికి అవి పనికొస్తాయి, వెలుగు తిరిగి రావడాన్ని అవి చెప్పవు. సేల్స్‌మన్‌ను అడిగి రవ్వను ద్వారం దగ్గర, ఎండ నేరుగా పడని చోటికి తీసుకెళ్లండి. కంటికి 25–30 సెం.మీ. దూరంలో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపండి. నల్లటి మచ్చలు, తెల్లటి మెరుపులు చోట్లు మార్చుకుంటుంటే కోత బాగున్నట్టే. మీ తల నీడ వల్ల కనిపించే బాణాల్లాంటి నల్ల గీతలు దోషం కాదు. ఎంత ఊపినా నడుమ నలుపుగానీ అంచు మసకగానీ కదలకపోతే ఆ రవ్వను పక్కన పెట్టండి.

చూసే ముందు రవ్వను శుభ్రం చేయించడం మరవద్దు. ఇది చిన్న విషయం కాదు. వెనక గాలి ఉంటేనే సందిగ్ధ కోణం 24.4. నూనె జిడ్డు అంటితే అది దాదాపు 38 డిగ్రీలకు పెరుగుతుంది, నీళ్లు అంటితే 33.5కు. అప్పుడు 30 డిగ్రీల దగ్గర తాకే కిరణం కూడా వెనక నుంచి జారిపోతుంది. తలనూనె, పసుపు తాకే ముక్కుపుల్లలు కొన్ని నెలలకే మసకబారడానికి పెద్ద కారణం ఇదే. మురికి అడుగు భాగంలో పేరుకుంటుంది కాబట్టి పైన తుడిస్తే లాభం లేదు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి 15 నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి రుద్దండి. తర్వాత కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వెనక మూసి కట్టిన పాత నగలను నానబెట్టకండి, లోపలికి నీళ్లు పోతే బయటికి రావడం కష్టం.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న ఒక రవ్వ నగను కడగక ముందు, కడిగాక ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు చూడండి. నలుపు ఎక్కడ ఉందో, కదులుతోందో లేదో గుండ్రటి బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో వెలుగు దారి చూపే ఏసెట్ పరికరంతో పోల్చుదాం.