ఎన్‌వీడీఏ ప్రతులు పంచేవారు లైసెన్సు విషయంలో చూసుకోవలసినవి

చూపులేని విద్యార్థులకు ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరును (కంప్యూటరు తెర మీది రాతను చదివి వినిపించే ప్రోగ్రామును) పెన్‌డ్రైవులో వేసి ఇచ్చే ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థలవారు ‘ఉచితమే కదా, లైసెన్సుతో మనకేం పని?’ అంటుంటారు. పని ఉంది, అయితే భయపడవలసినంత లేదు. ఈ ప్రోగ్రాము జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సు రెండవ వెర్షను షరతుల మీద లభిస్తుంది కాబట్టి, దీన్ని ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఎన్‌వీడీఏ మీటతో (సాధారణంగా ఇన్సర్ట్) పాటు ఎన్ నొక్కి, మెనూలో హెల్ప్‌లోకి వెళితే లైసెన్సు పాఠం దొరుకుతుంది. పంచే ముందు ఒకసారి వినడం మంచిది.

అసలు చిక్కు ప్రోగ్రాముతో కాదు, గొంతుతో, అంటే రాతను మాటగా పలికే సాఫ్ట్‌వేరుతో వస్తుంది. టూల్స్ మెనూ నుంచి పోర్టబుల్ ప్రతిని (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవు నుంచి నడిచే ప్రతిని) తయారుచేసేటప్పుడు, ఇప్పుడున్న యూజర్ కాన్ఫిగరేషన్‌ను కూడా కాపీ చేయాలా అని అడిగే చెక్ బాక్స్ ఒకటి ఉంటుంది. అక్కడ టిక్ పెడితే మీ సెట్టింగులతో పాటు మీరు వేసుకున్న యాడ్-ఆన్‌లు (అదనపు భాగాలు) కూడా కొత్త ప్రతిలోకి చేరతాయి. వాటిలో డబ్బు పెట్టి కొన్న గొంతు ఉంటే, దాన్ని పంచే హక్కు మీకు లేదు. ప్రోగ్రాముకు ఉన్న స్వేచ్ఛ గొంతుకు వర్తించదు. అందుచేత ఆ టిక్ తీసివేసి, ఎన్‌వీడీఏతోనే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతును ఉంచండి. అది తెలుగు చదువుతుంది. ఉచ్చారణ కొంత యాంత్రికంగా ఉంటుందన్న ఫిర్యాదు న్యాయమైనదే అయినా, అది కూడా జీపీఎల్ కిందనే ఉన్నందున నిశ్చింతగా పంచవచ్చు.

పెన్‌డ్రైవులో ఇచ్చేటప్పుడు లైసెన్సు పాఠాన్నీ, మీరిస్తున్న వెర్షనుకే చెందిన సోర్స్ కోడునూ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠాన్నీ) అందులోనే ఒక ఫోల్డరులో పెట్టండి. అలా పెట్టకపోతే, అడిగిన వారికి సోర్స్ ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వవలసి వస్తుంది. చిన్న సంస్థకు ఆ బాధ్యత కంటే ఫోల్డరే తేలిక. ప్రోగ్రాములో ఏదైనా మార్చి ఉంటే, ఆ ఫైళ్లలో మార్పు చేసినట్టు తేదీతో సహా రాయాలి.

పెన్‌డ్రైవు ఖర్చు, శిక్షణ రుసుము తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్నవారు మరొకరికి ఇవ్వకూడదని షరతు పెట్టడం మాత్రం లైసెన్సుకు విరుద్ధం.

ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చిన 52(1)(జడ్‌బీ) నిబంధనను చూపించి, వికలాంగుల కోసమైతే క్రాక్ చేసిన స్క్రీన్ రీడర్లను పంచినా ఫర్వాలేదని కొందరు చెబుతున్నారు. పుస్తకాల వంటి రచనలను బ్రెయిలీ, ఆడియో వంటి అందుబాటు రూపాల్లోకి మార్చి, లాభాపేక్ష లేకుండా వికలాంగులకు అందించడానికి ఉద్దేశించిన మినహాయింపు అది. డబ్బు కట్టి వాడవలసిన సాఫ్ట్‌వేరు తాళం పగలగొట్టి పంచడానికి అది అనుమతి కాదు.