ఎవరూ వాడని సర్వర్‌లో సీపీయూ ఎందుకు తిరుగుతోంది?

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసే ఫ్యాక్టరీల బిల్లింగ్ సర్వర్లు చూసేది నేనే. ఆదివారం పొద్దున, ఎవరూ లాగిన్ కాకపోయినా ఫ్యాన్ మోత వస్తోందని ఫోన్ వస్తుంది. నేను మొదట అనే మాట: "అన్నా, రీస్టార్ట్ మాత్రం చేయొద్దు." చేస్తే జరిగేది కనబడకుండా పోతుంది.

లినక్స్ సర్వర్‌లో, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పట్టిక చూపే టాప్ కమాండ్ కొట్టి, షిఫ్ట్ పట్టుకుని పీ నొక్కండి. ఎక్కువ సీపీయూ తినేది పైకొస్తుంది. సగటున ఎన్ని పనులు నడుస్తూ, ఆగి ఉన్నాయో చెప్పే లోడ్ యావరేజ్ చూసి టెన్షన్ పడొద్దు, లినక్స్‌లో డిస్క్ కోసం ఆగిన పనులు కూడా అందులో కలుస్తాయి. డబ్ల్యూఏ అంకె (డిస్క్ కోసం సీపీయూ ఖాళీగా ఎదురుచూసిన శాతం) ఎక్కువుంటే గొడవ డిస్క్ దగ్గరే. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) ఉంటే, నెలలో మొదటి ఆదివారం మామూలుగా దాని తనిఖీ నడుస్తుంది. ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని ఎండీస్టాట్ ఫైల్లో ఎంత శాతం అయిందో ఉంటుంది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి. ఆటోమేటిక్ అప్‌డేట్లూ అంతే.

భయపడాల్సింది టాప్‌లో కేడెవ్‌టీఎంపీఎఫ్ఎస్ఐ అనే పేరు కనబడితే. చివర ఐ లేకపోతే అది కెర్నల్ థ్రెడ్, అంటే లినక్స్ సొంత పని. ఐ ఉంటే క్రిప్టో కాయిన్లు తవ్వే దొంగ ప్రోగ్రామ్! రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) వెళ్లి, ప్రాక్‌లో ఆ పీఐడీ (టాప్ చూపే ప్రోగ్రామ్ నంబరు) ఫోల్డర్‌లోని ఎగ్జ్ లింకు చూడండి, ప్రోగ్రామ్ ఫైల్ ఎక్కడుందో అది చెబుతుంది. కెర్నల్ థ్రెడ్‌కి ఏ దారీ చూపదు, దీనికి సాధారణంగా టెంప్ ఫోల్డర్ దారి చూపిస్తుంది. దీన్నొక్కదాన్నే చంపితే మళ్లీ లేస్తుంది, ఎందుకంటే వెనక కిన్సింగ్ అనే ఇంకో ప్రోగ్రామ్, క్రాన్‌ట్యాబ్‌లో (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనుల పట్టికలో) ఒక లైను ఉంటాయి. నేనైతే నెట్ కేబుల్ పీకేసి, డేటా మాత్రం తీసుకుని, సర్వర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తాను. కేబుల్ తిరిగి పెట్టేముందు రెడిస్ అనే డేటాబేస్‌కి పాస్‌వర్డ్ ఉందా, ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్ పోర్టు బయటికి తెరిచి ఉందా అనేది చూసుకోండి.