కాంపౌండ్ విల్లుకు చేతికి అమరే రిలీజ్ ఎయిడ్‌ను ఎంచుకోవడం

కాంపౌండ్ విల్లు (కొనల వద్ద కప్పీలుండే ఆధునిక విల్లు) నారిని సాధారణంగా వేళ్లతో కాక, నారిని పట్టి ఉంచి వదిలే రిలీజ్ ఎయిడ్ అనే చిన్న పరికరంతో లాగి వదులుతారు కనుక, అది చేతికి అమరకపోతే ఎంత మంచి విల్లయినా గురి నిలకడగా ఉండదు.

మణికట్టుకు కట్టుకునే రకంలో ముందుగా చూడవలసింది పట్టీకీ ట్రిగ్గర్‌కూ మధ్య ఉన్న దూరం. నారిని పూర్తిగా లాగినప్పుడు చూపుడువేలి కొన మాత్రమే ట్రిగ్గర్‌కు అందుతుంటే, వేలు చాచి వెతుక్కోవలసి వచ్చి, చివరికి దాన్ని ఒక్కసారిగా గుంజే అలవాటు పడుతుంది. వేలి కణుపు ట్రిగ్గర్‌పై వంగి ఆనేలా ఆ దూరాన్ని సరిచేసుకోవాలి. బకిల్ పట్టీ ప్రతిసారీ ఒకే రంధ్రం వద్ద బిగుస్తుంది కాబట్టి, వెల్క్రో కంటే అదే మేలని నా అభిప్రాయం.

చేతిలో పట్టుకునే రకంలో మూడు వేళ్లవీ నాలుగు వేళ్లవీ దొరుకుతాయి. ఏది ఎంచుకున్నా, లాగేటప్పుడు మణికట్టు బిగుసుకోకుండా నిటారుగా ఉండాలి. ట్రిగ్గర్ లేకుండా, తిప్పితే విడుదలయ్యే హింజ్ రకాన్ని మొదటే కొనడం తొందరపాటు. బాణం లేకుండా నారిని వదిలితే విల్లు విరిగే ప్రమాదం ఉంది కనుక, కొత్త పరికరాన్ని ముందుగా డ్రా పొడవుకు (నారిని పూర్తిగా లాగినప్పుడు విల్లు పిడికీ నారికీ మధ్య ఉండే దూరానికి) సరిపడా ముడివేసిన తాడుతో అలవాటు చేసుకోవాలి. రకం మారితే దవడ వద్ద చెయ్యి ఆనే చోటూ మారుతుంది. అప్పుడు డ్రా పొడవును మళ్లీ సరిచూసుకోవాలి.